పాంపేయి దారిరాయికి పసుపు పెట్టిన ముచ్చట

ఆ రోజుల్లో నాకు అరవై ఒక్కటి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అది పడుచుతనమే అనిపిస్తది. మోకాళ్లు చెప్పిన మాట వింటుండె, రెండు బిందెలు ఒక్కసారే ఎత్తుకుంటుండె, ఎవరన్నా తిక్కమాట అంటే తిరిగి అనేటందుకు మర్నాటిదాక ఆగకపోతుండె. ఇగ అక్షరాల లెక్కన చూస్తే అప్పటికి నేను పుట్టనే లేదు. నాకు చదువుడు, రాసుడు వచ్చింది ఆ తర్వాతనే. కాబట్టి దీన్ని నా చిన్నతనం ముచ్చట అని చెప్పుకుంటే ఎవ్వరూ తప్పు పట్టొద్దు. (పట్టినా నాకు పోయేదేం లేదు. ఈ వయసులో మనిషికి మిగిలే సుఖం అదొక్కటే.)

మాది శంషాబాద్ పక్కన ఒక చిన్న పల్లె. ఉండేది అనాలె, ఎందుకంటే విమానాశ్రయం వచ్చినప్పుడు ఆ పల్లె లేచిపోయింది, మేం సాతంరాయి దగ్గర ఇల్లు కట్టుకున్నం. మా జొన్నచేను ఉన్న దిక్కునే ఇప్పుడు నా బిడ్డ కౌంటర్ వెనక కూచుని జనాలకు విమానంలో సీట్లు ఇస్తది. (అదే జాగలో ఒకప్పుడు నేను మంచె మీద నిలబడి పిట్టలను తోలేదాన్ని. తల్లీబిడ్డలం ఇద్దరం ఎగిరేటోళ్లతోనే బతికినం.) అక్కడ తనతో పనిచేసే పిలగాణ్ణి ఇష్టపడ్డది. వాళ్లది కోస్తా దిక్కు, రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. పిలగాని తల్లి ముప్పై ఏండ్లు బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. చీర కుచ్చిళ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటయి, మాట కూడా అట్లనే ఉంటది. సంబంధం మాట్లాడుకునేటందుకు మా ఇంటికి వచ్చిన రోజు, చాయ్ కప్పు చేతిలోకి తీసుకుంటూ మెల్లగ అడిగింది, ‘‘వదినగారూ, మీరు ఎంతవరకు చదువుకున్నారు?’’ అని.

నేను నోరు తెరిచిన. ‘బడి గోడ కూడ దగ్గరినుంచి చూడలేదమ్మా’ అని చెప్పేటందుకే తెరిచిన. అంతలోనే చాయ్ పళ్లెం పట్టుకున్న నా బిడ్డ ‘‘టెన్త్ ఆంటీ’’ అన్నది. నేను నోరు మూసుకున్న. పెండ్లిలో కూర బాగలేకుంటే పెట్టినోళ్ల మొహం మీదనే బాగలేదనే దాన్ని, సర్పంచ్ కట్టించిన మోరీ వంకరపోయిందని సర్పంచ్‌కే చెప్పిన దాన్ని, ఆ ఒక్క మాట కాడ మూసుకున్న. బిడ్డ తన కోసం ఆడలేదు ఆ అబద్ధం, నా కోసం ఆడింది, కొత్త చుట్టాల ముందు తల్లి తల వంగొద్దని. దాన్ని నేను కాదంటే పెండ్లి కాకముందే అది అత్తగారి ముందు అబద్ధాలకోరు అయితది. అట్ల నేను ఒక్క మాట కూడ మాట్లాడకుండ టెన్త్ పాసైన.

పెండ్లయింది, బిడ్డా అల్లుడు డ్యూటీకి దగ్గరని శంషాబాద్‌లోనే వేరు కాపురం పెట్టిండ్రు. మూడేండ్లు ఏ ఇబ్బందీ లేకుండ గడిచినయి. పండుగలకు కలుసుకునేది, భోజనం చేసేది, ఎవరింటికి వాళ్లు పోయేది. అంకెలు నాకు వచ్చు, బస్సు నంబర్లు చూసి చూసి వచ్చినయి. సంతకం వచ్చు, బ్యాంకు కోసం ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్న. ఆ రెండింటితో మనిషి శానా దూరం పోవచ్చు. ఎంత దూరం పోవచ్చంటే ఇటలీ దేశం దాక.

టీచరమ్మకు జీవితంలో ఒక్కటే కోరిక ఉండె. ముప్పై ఏండ్లు పిల్లలకు రోము రాజ్యం పాఠం చెప్పింది, పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పింది, ఒక్కసారన్నా ఆ రాళ్లను కండ్లతోని చూడాలె. అల్లుడు ఓడ ప్రయాణం టికెట్లు కొన్నడు. వారం రోజులు సముద్రం మీద తిప్పి, ఊరికొక రోజు దించి, చూపించి, మళ్లీ ఎక్కించుకుంటరట. అయితే మా వియ్యంకుడికి నీళ్లంటే భయం, ట్యాంక్‌బండ్ మీద బోటు కూడ ఎక్కడు. ఆయన ససేమిరా అన్నడు. ‘‘ఒక్కదాన్నే వెళ్లను. వదినగారిని పంపించండి, ఆవిడకి ధైర్యం ఎక్కువ’’ అన్నదట టీచరమ్మ. ఆ మాట నా బిడ్డ నాకు చెప్పినప్పుడు దాని మొహంలో సగం సంతోషం, సగం పరేషాన్.

‘‘అమ్మా, పోయిరా. గని జర పైలం. అత్తమ్మ ముందల కాగితం పట్టుకోకు. ఏమన్న చదవమంటే అద్దాలు మర్చిపోయిన అను.’’

‘‘వారం దినాలు అద్దాలు మర్చిపోతనా?’’

‘‘మరి తలనొప్పి అను. ఏదో ఒకటి అను. ఈ ఒక్కసారి నా మాట నిలబెట్టు అమ్మా, లేకుంటే ఆమె ముందల నేను మళ్ల తలెత్తలేను.’’

సరే అన్న. ఆ సరే అనేటప్పుడు అది ఎంత బరువో నాకు తెల్వదు.

ఓడ అంటే నేను మనసులో పెట్టుకున్న ఓడ వేరు. అక్కడ చూస్తే బుద్వేల్‌లో కొత్తగ లేచిన అపార్టుమెంటును పునాదితో సహా పీకి నీళ్ల మీద నిలబెట్టినట్టున్నది. లిఫ్టులు, దుకాణాలు, పైన ఈతకొలను. (సముద్రం మధ్యలో ఈతకొలను ఎందుకో నాకు ఇప్పటికీ తెల్వదు.) గది నంబరు అంకెలల్లోనే ఉంటది కాబట్టి ఆ బాధ లేదు. భోజనం కాడనే మొదటి గండం. బట్ట పరిచిన బల్ల మీద పెద్ద అట్ట పెట్టిండ్రు, అందులో తినేవాటి పేర్లట. టీచరమ్మ తనది చూసి చెప్పింది. వెయిటర్ నా దిక్కు వంగిండు. నేను అట్టను పొద్దుటి పేపర్ చూసినంత దర్జాగ చూసి, ఆఖరు వరుస మీద వేలు పెట్టిన. ఆఖరున ఉన్నది మిఠాయే అయి ఉంటదని నా లెక్క. అతను నా వేలు దిక్కు చూసిండు, నా మొహం చూసిండు, మళ్లీ వేలు చూసిండు. టీచరమ్మ మెడ సాచి చూసి, ‘‘వదినగారూ, అది వంటకం కాదు. మీకు ఏదైనా తిండి పడకపోతే ముందే చెప్పమని రాశారు’’ అన్నది.

‘‘ఆ, అదే. నాకు ఏదీ పడకుండ పోదు అని చెప్తున్న’’ అన్న నేను.

ఆమె నవ్వింది. ఇంగ్లీషు రాకపోతే సిగ్గేమున్నదిలే అని ఆమె అనుకున్నది. నేను బతికిపోయిన. గని రెండో రోజు పొద్దున నిజమైన గండం వచ్చింది. టీచరమ్మ తన సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. రెండు దిక్కులా గీతలు కొట్టి, తెలుగులో, ఒక్క కొట్టివేత లేకుండ రాసిన కాగితాలు.

‘‘మీ కోసమే రాశాను వదినగారూ. ఎల్లుండి మనం చూడబోయేది పాంపేయి. అగ్నిపర్వతం పేలి బూడిద కింద పడిపోయిన ఊరు. అక్కడ గైడు ఇంగ్లీషులో చెబుతాడు, మీకు బోరు కొడుతుంది. ముందే ఇది చదివి ఉంచుకుంటే చూస్తున్నదేమిటో తెలుస్తుంది. నాకు మూడు రోజులు పట్టింది.’’

హోంవర్కు. అరవై ఒక్క ఏండ్లకు, సముద్రం నడిమిట్ల, నాకు హోంవర్కు ఇచ్చింది. నేను ఆ కాగితాలు గదికి తెచ్చి మంచం మీద పరుచుకుని చూసిన. కింది నుంచి చూసిన, మీది నుంచి చూసిన. నారు నాటిన మడి లెక్క వరుసలు ఎంత ముద్దుగున్నయో. అద్దాలు మర్చిపోయిన అందామంటే అవి నా ముక్కు మీదనే ఉన్నయి. ఇగ దిండు కింద పెట్టిన. మధ్యాహ్నం భోజనం కాడ అడగనే అడిగింది.

‘‘చూశారా?’’

‘‘చూసిన వదినా.’’

‘‘ఎలా ఉంది?’’

‘‘దస్తూరి ముత్యాలే.’’

ఇది అబద్ధం కాదు. మీరు కావాలంటే మళ్లీ చదువుకోండ్రి. చూసిన అన్న, చదివిన అనలే. ఆ రెండు రోజులు నేను మాట్లాడిన ప్రతి మాటనూ అట్ల తూకం వేసి మాట్లాడిన. నోరు తెరిస్తే లోపలున్నది బయటికి వచ్చే మనిషికి అది ఎంత నరకమో చెప్పలేను. నాట్లేసే రోజుల్లో వంగి వంగి నడుం పట్టేసేది, అక్కడ నాలిక పట్టేసింది. టీచరమ్మ మాత్రం మురిసిపోయింది. నేను చదువుతున్నననే ధైర్యంతో ఇంకింత చెప్పేది, రాజుల పేర్లు చెప్పేది, నేను తలూపేది.

పాంపేయి రోజు వచ్చింది. ఓడ దిగి బస్సు ఎక్కి, బస్సు దిగి నడక. మా గైడు ఎర్ర గొడుగు పైకెత్తి ముందు నడిచిండు, ఇరవై మందిమి వెనక. టీచరమ్మ ఆ గొడుగు పక్కనే, కొత్త పుస్తకాలు ఇచ్చిన రోజు బడిపిల్ల లెక్క. నేను వెనకబడ్డ. కావాలనే వెనకబడ్డ, ఏ రాయి కాడ ఏం ప్రశ్న అడుగుతదో అని భయం.

ముందు నాకు ఏమనిపించలే. పగిలిన గోడలు, విరిగిన స్తంభాలు, మన దగ్గర లేనియా అనుకున్న. ఆ తర్వాత ఒక సందులోకి తిరిగినం. రోడ్డు పక్కన ఒక కొట్టు. కొట్టుకు రాతి అరుగు, అరుగులో గుండ్రటి గుంతలు, గుంతల్లో కుండలు దిగేసి ఉన్నయి. చూడంగనే తెలిసిపోయింది, అది వేడివేడి కూరలమ్మే హోటలు. మా పాత బెంగళూరు రోడ్డు మీద ఇట్లనే పొయ్యిల అరుగు కట్టుకుని ఒకామె పప్పుచారు అమ్ముతుండె. ఇంకింత ముందుకు పోతే పెద్ద పెద్ద తిరుగటి రాళ్లు, పిండి విసిరేవి. వాటికి కట్టె దూర్చే రంధ్రాలు కూడ అట్లనే ఉన్నయి. నేను అక్కడనే ఆగిన. ఇది కోట కాదు, గుడి కాదు. ఇది ఊరు. పొద్దున లేచి పిండి విసురుకున్న ఊరు, నీళ్ల కాడ కొట్లాడుకున్న ఊరు. అంతా అట్లనే ఉన్నది, మనుషులే లేరు. బండ్లు తిరిగి తిరిగి బండల మీద పడ్డ చక్రాల గాడి కూడ చెరిగిపోలే.

ఆ గాడి వెంట చూసుకుంటూ నడిస్తే, నాలుగు దారులు కలిసేకాడ, దారి నడిమిట్ల, భూమిలోంచి ఎత్తుగ ఒక నల్లరాయి కనబడ్డది. గుండ్రంగ, నున్నగ, నా మోకాలెత్తున. పక్కకు ఇంకో రెండు చిన్నవి.

ఇక్కడ మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలె. మా దగ్గర ఊరు కట్టేటప్పుడు ముందు నడిమిట్ల ఒక రాయి పాతుతరు. బొడ్రాయి అంటరు. మనిషికి బొడ్డు ఎట్లనో ఊరికి అది అట్ల. ఏడాదికొకసారి ఆడోళ్లందరం బిందెలతోని పోయి దానికి నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెడతం. మా పల్లె లేచిపోయేటప్పుడు ఇంటి తలుపులు పీకి తీసుకపోయినం, దూలాలు తీసుకపోయినం, బొడ్రాయిని మాత్రం కదిలించొద్దని పెద్దలు అన్నరు. ఆఖరు రోజు దానికి నీళ్లు పోసిన ఆడోళ్లలో నేనొకదాన్ని. పోసినం, మొక్కినం, ట్రాక్టరెక్కినం. అది ఇప్పుడు ఏ సిమెంటు కింద ఉన్నదో ఆ విమానాలకే తెల్వాలె.

నేను ఆలోచించి చెయ్యలే. చెయ్యి చేసుకపోయింది. సీసాలో తాగే నీళ్లు ఉండె, రాయి మీద పోసిన. కొంగుతోని తుడిచిన. సంచిలో ఎప్పుడూ ఉండే పసుపు కుంకుమ పొట్లం తీసి, తడి రాయికి నిండుగ పసుపు రాసి, మూడు బొట్లు పెట్టిన. పెట్టి, రెండు చేతులు జోడించి, ‘‘నీకు నీళ్లు పోసి ఎన్నేండ్లైందో తల్లీ’’ అన్న.

అప్పుడు సీటీ మోగింది.

నీలం అంగీ వేసుకున్న ఒక కాపలా పిల్ల సీటీ ఊదుకుంటూ ఉరికి వచ్చింది. పాతికేండ్లు ఉంటయి. రాయిని చూసింది, నా పచ్చటి చేతులను చూసింది, తల పట్టుకున్నది. ఏదో గడగడ అన్నది. నేను ‘‘ఏంది బిడ్డా, నిమ్మళంగ చెప్పు’’ అన్న. ఆమె ఇంకా గడగడ అన్నది. సీటీ విని టీచరమ్మ వెనక్కి ఉరికి వచ్చింది. (ఆమె ఉరకంగ నేను చూసుడు అదే మొదలు, అదే ఆఖరు. కుచ్చిళ్లు మాత్రం చెదరలే.) మా గొడుగు మనిషి మిగతా జనాన్ని తీసుకుని ముందుకు, ఆ పెద్ద ఆటల మైదానం దిక్కు పోయిండు. టీచరమ్మ పాఠంలో బొమ్మ ఉన్నది ఆ మైదానానికే. మమ్మల్నిద్దర్నీ సీటీ పిల్ల ఒక చిన్న ఆఫీసు గదికి తీసుకపోయింది. అక్కడ తెల్లమీసాల పెద్దసారు ఒకాయన ఉన్నడు.

టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పింది, ఆయన విన్నడు. రెండువేల ఏండ్ల రాయికి ఏం మందు పూసిండ్రు అని వాళ్ల బెంగ. నేను పొట్లం తీసి బల్ల మీద పెట్టిన. సీటీ పిల్ల వాసన చూసింది. నేను వేలితో కొంచెం తీసి నా నాలిక మీద పెట్టుకుని చూపించిన, విషం కాదని. ఆమె కూడ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నది. మొహం అదోలా పెట్టి పెద్దసారుకు ఏదో చెప్పింది, ఆయన మీసాల కింద నవ్వు దాచుకున్నడు. ఒక మనిషిని బ్రష్షు, నీళ్లు ఇచ్చి రాయి కాడికి పంపిండు. పంపి, నా ముందు ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టిండు.

‘‘మీరేం పూశారో, ఎందుకు పూశారో మీ భాషలో, మీ చేతితో రాసి సంతకం పెట్టాలట. అంతే, వదిలేస్తారట’’ అన్నది టీచరమ్మ. ఆమె గొంతు అప్పటికే మారింది. గోడ గడియారం దిక్కు చూస్తున్నది. అవతల మైదానం చూసే టైము కరిగిపోతున్నది.

నేను పెన్ను పట్టుకున్న. కాగితం నా దిక్కు చూస్తున్నది.

‘‘రాయండి వదినగారూ.’’

‘‘తలనొప్పిగున్నది వదినా.’’

ఆమె కుర్చీలో నిటారుగ కూచున్నది. ‘‘ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రాళ్లు ఏమిటో నేను మూడో పేజీలో రాశాను. వానాకాలం రోడ్డు మీద బురద పారుతుంటే జనం కాళ్లు తడవకుండా అడుగులు వేసుకుంటూ దాటడానికి వేసిన రాళ్లు అవి. చెప్పులతో తొక్కే రాళ్లు. మీరు చూశానన్నారు.’’

నేను పెన్నును వేళ్ల నడుమ తిప్పుకుంట కూచున్న.

‘‘చదవలేదు. కదా? మూడు రోజులు కూర్చుని రాశాను. నా పిల్లలకు కూడా అంత శ్రద్ధగా రాయలేదు. ఈవిడ చెప్పేదేమిటి, నేను వినేదేమిటి అనుకున్నారేమో. అలా అనుకుంటే మొదటే చెప్పాల్సింది వదినగారూ. మీరు మొహం మీద చెప్పే మనిషని నేను అందరికీ గొప్పగా చెబుతుంటాను.’’

ఆమె కండ్లలో నీళ్లు తిరిగినయి. మొహం తిప్పుకున్నది గని నేను చూసిన. ఇగ నా ముందు రెండే దారులు. నోరు మూసుకుంటే నా బిడ్డ మాట నిలబడుతది, ఈమె మాత్రం నేను ఆమె రాతను చెత్త కింద పడేసిన పొగరుబోతునని బతికినన్నాళ్లు అనుకుంటది. నోరు తెరిస్తే ఆమె మనసు కుదుటపడుతది, నా బిడ్డ అత్తగారి ముందు అబద్ధాలకోరు అయితది. మూడేండ్లు మోసిన, ఇంకో నాలుగు రోజులు మొయ్యలేనా అనుకున్న. అనుకుని, ఆమె మొహం చూసిన. పెన్ను బల్ల మీద పెట్టిన.

‘‘వదినా, నాకు చదువు రాదు. టెన్త్ లేదు, ఒకటో తరగతి లేదు. నీ కాగితాలు నారు నాటిన మడి లెక్క ముద్దుగున్నయని రెండు రోజులు చూసిన, అంతే. అవి నా దిండు కింద ఉన్నయి, ఒక్క మడత పడలే. నా బిడ్డ నా ఇజ్జత్ కోసం ఆనాడు ఆ మాట అన్నది. నన్ను ఏమన్నా అను. దాన్ని మాత్రం ఏమనకు, నీ కాళ్లు పట్టుకుంట.’’

టీచరమ్మ అద్దాలు తీసి కొంగుతోని తుడుచుకున్నది. సీటీ పిల్ల ఆమె దిక్కు, నా దిక్కు చూస్తున్నది, తెలుగు సినిమా చూసినట్టు.

‘‘ముప్పై ఏళ్లు బళ్లో పనిచేశాను’’ అన్నది చివరికి. ‘‘చదువు రాని పిల్లవాణ్ని గడప దాటకముందే కనిపెట్టేదాన్ని. మూడేళ్లుగా పక్కన కూర్చుని భోజనం చేసిన మనిషి గురించి తెలుసుకోలేకపోయాను.’’

‘‘నేను గట్టిగ దాచిన గదా.’’

‘‘మీరు దాచారు సరే. అసలు చాయ్ తాగుతూ మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? అమ్మాయిని నేనేమంటాను. ఆ పిల్లతో అబద్ధం ఆడించింది నా ప్రశ్న.’’ ఆమె కాగితం తన దిక్కు లాక్కున్నది. ‘‘చెప్పండి. మీరు చెప్పండి, నేను రాస్తాను.’’

పెద్దసారు సరే అన్నడు. నేను చెప్పిన. రెండు రోజులు తూకం వేసిన నోరు గదా, ఇగ ఆగలే, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆమె తల ఎత్తకుండ రాసింది. మధ్యలో ఒకసారి పెన్ను ఆపి నా దిక్కు చూసి మళ్లీ రాసింది. నేను నాలుగు మాటలు అంటే ఆమె ఆరు మాటలు రాస్తున్నట్టు నాకు అనుమానం వచ్చింది. ‘‘వదినా, సక్కగ నేను అన్నదే రాస్తున్నవా?’’ అన్న. ‘‘సంతకం పెట్టండి’’ అన్నది. పెట్టిన. ఆమె తన ఫోనుతో ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నది. పెద్దసారు కాగితం తీసుకుని, ఎంతో చదివినట్టు మొహం పెట్టి తలూపి, ఫైలులో పెట్టుకున్నడు. (ఆయనకు అందులో ఒక్క అక్షరం తెల్వదు. నాలాంటి మనిషిని ఆ దేశంలో చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.)

బయటికి వచ్చేసరికి బస్సు టైము అయింది. ఆటల మైదానం చూసుడు కాలే. నేను ‘‘నా వల్ల పోయింది వదినా’’ అంటే ఆమె ‘‘పుస్తకంలో చూశాను లెండి’’ అన్నది. ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ గుచ్చుతది. బస్సు కాడ గొడుగు మనిషి అంతా విని పకపక నవ్వి టీచరమ్మకు ఏదో చెప్పిండు. ఆ ఊర్లోనూ నాలుగు దారులు కలిసేకాడ మొక్కుకునేటందుకు చిన్న అరుగులు ఉండేవట, ఇరుగుపొరుగు వచ్చి దీపం పెట్టేవాళ్లట. అసలుది ఆ రాయికి ఇరవై అడుగుల అవతల గోడకు ఉన్నదట.

‘‘అంటే నేను ఇరవై అడుగులు తప్పిన, అంతేనా?’’ అన్న నేను.

‘‘అంతే. మూడో పేజీ చదివితే అది కూడా తప్పేవారు కాదు’’ అన్నది టీచరమ్మ. అని, బస్సెక్కినంక మొదటిసారి గట్టిగ నవ్వింది. ఇద్దరం నవ్వినం. ముందు సీట్లోళ్లు తిరిగి చూసేదాక నవ్వినం.

ఇగ అక్షరాల సంగతి. నేను చదువు నేర్చుకున్నది జ్ఞానం కోసమని ఎవరన్నా అంటే నమ్మకండ్రి. అనుమానంతోని నేర్చుకున్న. ఆ కాగితంలో ఆమె ఏం రాసిందో నాకు తెల్వాలె. ‘‘ఏం రాసినవు?’’ అని ఓడ మీదనే పదిసార్లు అడిగిన. ‘‘నేను చెబితే మీరు నమ్మరు. నేర్చుకుని మీరే చదువుకోండి’’ అన్నది. మంకుపట్టు ఆమెకూ ఉన్నది. మర్నాడే ఈతకొలను పక్కన కూచోబెట్టి అ ఆ మొదలుపెట్టింది. ఇంటికి వచ్చినంక వారానికి రెండు రోజులు సాతంరాయి నుంచి బస్సెక్కి రాజేంద్రనగర్ పోయేదాన్ని. నా బిడ్డకు మాత్రం చెప్పొద్దని ఇద్దరం అనుకున్నం. తన మాట నిలబడ్డదని అది మురిసిపోతున్నది, ఆ మురిపెం ఎందుకు చెడగొట్టాలె. మీ అత్తమ్మకు ఆవకాయ ఇచ్చేటందుకు పోతున్న అని చెప్పేదాన్ని. ఆ ఏడాది మా వియ్యంకుడి ఇంట్లో ఎంత ఆవకాయ ఉండాలెనో మీరే ఆలోచించుకోండ్రి.

ఎనిమిది నెలలకు ఒక సాయంత్రం ఆమె బాల్కనీలో కూచుని, ఫోను నా చేతికి ఇచ్చి, తను చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటూ కూచున్నది. నేను వేలు పెట్టుకుని చదివిన. బుట్టలో కాయలన్నీ అయిపోయేదాక చదివిన.

‘నేను సాతంరాయి కాడి మనిషిని. మీ ఊరి నడిమిట్ల రాయి కనబడ్డది, మనుషులు కనబడలే. మా దిక్కు ఊరి రాయికి ఏడాదికొక్కసారన్న నీళ్లు పొయ్యాలె. మీ రాయికి ఎన్నేండ్ల సంది ఎవ్వలు పొయ్యలేదో అని నేను పోసిన. పూసింది పసుపు, మేం కూరల్ల వేసుకుంటం. అది దారిరాయి అని నాకు తెల్వదు, ఎందుకంటే నాకు చదువు రాదు. తప్పంటే తప్పే. గని ఇంకో ఊర్ల గిట్లనే రాయి ఒంటరిగ కనబడితే నేను ఊకుంటనని మాత్రం రాసియ్య.’

దాని కింద చిన్నగ, ‘పైది మా వదినగారి మాట. నేను రాశాను. ఇందులో ఏదీ దిద్దలేదు’ అని ఉన్నది.

ఆమె ముప్పై ఏండ్లు పిల్లల మాటలు దిద్దిన మనిషి. నా బిడ్డ ‘గిట్ల’ అన్నా ‘గట్ల’ అన్నా ఆమె కనుబొమ్మ కదిలేది. నేను అన్న ప్రతి మాటనూ, నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు, ఆ ముత్యాల దస్తూరిలో పెట్టింది. నా మాట నేను కండ్లతోని చూసుడు అదే మొదటిసారి. ఫోటోలో కాగితం కొసకు, అది ఎగిరిపోకుండ అదిమిపట్టిన నా రెండు వేళ్లు కూడ పడ్డయి, పచ్చగ.

‘‘అయిందా?’’ అన్నది ఆమె.

‘‘ఒక్క మాట తప్పు రాసినవు వదినా.’’

ఆమె అద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. ‘‘ఏది?’’

‘‘చదువు రాదు అని రాసినవు.’’

ఆమె చిక్కుడు ఈనెలు దులుపుకుని లోపలికి పోయింది. చాయ్ పెట్టేటందుకే పోయి ఉంటది, గని వచ్చేటందుకు శానాసేపు పట్టింది.

ఇది జరిగి ఏడేండ్లు. నా బిడ్డకు ఇప్పటికీ తెల్వదు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, పెండ్లి పత్రిక ఎవరన్నా నా చేతిలో పెడితే, నా బిడ్డ ఎక్కడున్నా ఉరికి వచ్చి పత్రిక లాక్కుంటది, ‘‘అమ్మకు తలనొప్పి, నేను చదువుతా’’ అంటది. అవతల వాళ్ల అత్తమ్మ గంభీరంగ తలూపుతది. ఆ పిల్లను చూస్తే నవ్వొస్తది. పత్రికలో ముహూర్తం ఎన్నింటికో నేను అప్పటికే చదివేసి ఉంట. ఈ ముచ్చట రాసిన కాగితాలు ముందు మా వదినకు ఇచ్చిన, దిద్దమని. దిద్దను పొమ్మన్నది. ఇగ నా బిడ్డ చేతికే ఇస్తున్న. చదివి నా మీద అలుగుతది, రెండు దినాలు మాట్లాడదు. మాట్లాడకపోతే మాట్లాడకపోయె. పెండ్లి నాటి సంది నా టెన్త్‌ను అది ఒక్కతే మోస్తున్నది. అరవై ఒక్క ఏండ్ల ఆ మొండి పిల్ల, పచ్చటి చేతులతోని, తెల్వని దేశంలో ఒక చిన్న గదిలో ఆ బరువును ఎప్పుడో దించి వచ్చింది బిడ్డా. ఇగ నువ్వు కూడ దించు.